భారతదేశంలో రోటావైరస్ రకాలు: వైవిధ్యం బయటపడిన క్రమం

పసిపిల్లల్లో తీవ్రమైన నీళ్ల విరేచనాలకు ప్రధాన కారణమైన రోటావైరస్‌ను 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం గుర్తించింది. జబ్బుపడిన పిల్లల చిన్నపేగు నుంచి తీసిన కణజాలాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరిశీలిస్తుండగా అది కంటబడింది. అయితే ఆ చిత్రాల్లో రోటావైరస్‌లన్నీ ఒకేలా ఉంటాయి. వాటి మధ్య తేడాలు తెలియాలంటే జన్యువుల్లోకి వెళ్లక తప్పలేదు.

ఈ వైరస్ జన్యుపదార్థం 11 ఆర్ఎన్ఏ ముక్కలుగా ఉంటుంది. రెండు వేర్వేరు రకాలు ఒకే కణంలో చేరితే ముక్కలు కలగలిసి, రెండింటి లక్షణాలూ ఉన్న మరో వైరస్ పుట్టవచ్చు. 1980లలో ఈ ముక్కలను జెల్‌లో వేరుచేసి, చారల వరుసను బట్టి పోల్చేవారు. తర్వాత పైపొరలోని రెండు ప్రొటీన్ల ఆధారంగా పేర్లు స్థిరపడ్డాయి: వీపీ7ను బట్టి జి రకం, వీపీ4ను బట్టి పి రకం. 1990ల ఆరంభంలో పీసీఆర్ పరీక్ష రావడంతో వందల నమూనాలను త్వరగా వర్గీకరించడం సాధ్యమైంది. జి1పి[8], జి2పి[4], జి3పి[8], జి4పి[8] అనే నాలుగే ప్రపంచంలో అధికభాగమని తేలింది.

భారతదేశం మాత్రం ఆ లెక్కకు ఒదగలేదు. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో మహారాజ్ కిషన్ భాన్ బృందం అప్పుడే పుట్టిన శిశువుల నుంచి 116ఇ అనే వైరస్‌ను వేరుచేసింది. అది జి9పి[11], మనిషి వైరస్సే, కానీ వీపీ4 జన్యువు పశువుల రోటావైరస్ నుంచి వచ్చింది. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన సి. దుర్గారావు బృందం పరిశీలించిన ఐ321 (జి10పి[11]) ఇందుకు దాదాపు తలకిందులు: ఎక్కువ ముక్కలు పశువులవి, రెండు మాత్రమే మనిషివి. ఢిల్లీ, బెంగళూరు శిశువుల్లో ఈ వైరస్‌లు సోకినా రోగలక్షణాలు కనిపించలేదు. వేలూరులో మాత్రం జి10పి[11] సోకిన నవజాత శిశువుల్లో జీర్ణకోశ సమస్యలు కనిపించాయి. ఒకే పేరున్న రకం ఊరూరికీ వేరుగా ప్రవర్తించవచ్చన్న ఈ విషయం ఎంతో విలువైనది. జి, పి అక్షరాలు వైరస్ కథలో కొంతభాగమే చెబుతాయి.

1996లో వెలువడిన ఒక పరిశోధన పత్రం భారతదేశంలో జి9పి[6] గణనీయంగా ఉందనీ, ఒకే పిల్లవాడికి రెండు రకాలు సోకిన సందర్భాలూ తరచుగా ఉన్నాయనీ చూపింది. ముక్కల మార్పిడికి ఇలాంటి మిశ్రమ ఇన్ఫెక్షన్లే దారి వేస్తాయి. 2005లో ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జాతీయ నిఘా మొదలైంది. మొదటి రెండేళ్లలో విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన చిన్నపిల్లల్లో సుమారు 39 శాతం మందికి రోటావైరస్ ఉన్నట్లు వెల్లడైంది. అప్పుడు జి2పి[4], జి1పి[8] ముందుండగా, జి9, జి12 కూడా తిరుగుతుండేవి. 2008లో మొత్తం 11 ముక్కలనూ లెక్కలోకి తీసుకునే అంతర్జాతీయ వర్గీకరణ వచ్చింది.

రోగం కలిగించకుండా శిశువుల్లో ఉండిపోయిన 116ఇ, తర్వాత తీవ్ర విరేచనాల నుంచి కొంత రక్షణనిస్తుందని భాన్ బృందం గమనించింది. దాని ఆధారంగా హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావాక్ టీకాను తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో జరిపిన మూడో దశ పరీక్షలో మొదటి ఏడాది తీవ్ర వ్యాధి మీద 56 శాతం రక్షణ కనిపించింది. ఆ పరీక్షలో టీకాలోని రకానికి భిన్నమైన రకాలపై కూడా అది పనిచేసింది. 2014లో అనుమతి పొందిన ఈ టీకా 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేరింది. తొలివిడతలో ఆంధ్రప్రదేశ్, హర్యానా, హిమాచల్‌ప్రదేశ్, ఒడిశా ఉన్నాయి.

2012 నుంచి 2016 వరకు నిఘా కేంద్రాల్లో జి1పి[8]దే పైచేయి. ఆ తర్వాత జి3పి[8] పెరిగి ముందు వరుసకు వచ్చింది. దీన్ని టీకా ప్రభావంగానే చూడడం తొందరపాటు. టీకాలు లేని కాలంలోనే జి9, జి12 ఖండాలు దాటి వ్యాపించాయి, ఒకచోట తగ్గి మరోచోట పెరిగాయి. పొరుగు ప్రాంతాల్లో ఒకే ఏడాది రకాలు వేరుగా ఉండడం కూడా కొత్త కాదు. అందువల్ల టీకా ముందుగా వచ్చిన రాష్ట్రాల్లోనూ ఆలస్యంగా వచ్చిన రాష్ట్రాల్లోనూ ఒకే పద్ధతిలో, చాలా ఏళ్లపాటు నమూనాలను పోలిస్తేనే ఈ మార్పులకు కారణం నిర్ధారించవచ్చు.