సిమ్ దాటింది, బిల్లు అడ్డుపడింది

1980ల్లో ఐరోపాలో కారు ఫోను పెట్టుకున్న వ్యాపారి దేశం పొలిమేర దాటాడంటే ఆ ఫోను మూగబోయినట్టే. బ్రిటన్‌ది టీఏసీఎస్ పద్ధతి, పశ్చిమ జర్మనీది సి-నెట్జ్, ఫ్రాన్స్‌ది రేడియోకామ్ 2000. ఎవరి గోల వారిది. నార్డిక్ దేశాలు మాత్రం ముందే మేలుకొని 1981లో ఎన్ఎంటీ పేరుతో ఉమ్మడి వ్యవస్థ మొదలుపెట్టాయి. స్వీడన్ ఫోను నార్వేలోనూ పలికేది.

మిగతా ఖండానికి ఆ సౌకర్యం రావడానికి పదేళ్లు పట్టింది. ఐరోపా తంతి తపాలా శాఖల సమాఖ్య 1982లో గ్రూప్ స్పెషియల్ మొబైల్ అనే సంఘాన్ని వేసింది. జీఎస్ఎం అన్న మూడక్షరాలు అక్కడివే. 1987 సెప్టెంబరు 7న కోపెన్‌హాగెన్‌లో 13 దేశాల ప్రతినిధులు ఒకే పద్ధతి పాటిస్తామని ఒప్పందం మీద సంతకాలు చేశారు. 1991 జులై 1న ఫిన్లాండ్ మాజీ ప్రధాని హారి హోల్కెరి రేడియోలింజా నెట్‌వర్క్ మీద తాంపెరె నగర ఉప మేయరు కారినా సువోనియోకు ఫోన్ చేశారు. అది తొలి జీఎస్ఎం కాల్‌గా చరిత్రకెక్కింది.

అదే ఏడాది మ్యూనిక్‌లోని గీజెకె అండ్ డెవ్రియెంట్ సంస్థ ఆ రేడియోలింజాకే మొదటి 300 సిమ్ కార్డులు అమ్మింది. నోట్లు అచ్చు వేయడంలో పేరు మోసిన సంస్థ అది. అప్పటి సిమ్ ఏటీఎం కార్డంత ఉండేది, మొత్తం కార్డునే ఫోన్‌లోకి తోసేవారు. చిప్పు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను కోసుకుంటూ పోతే మినీ, మైక్రో, నానో వచ్చాయి. సైజు కన్నా పెద్ద మార్పు మరొకటుంది. చందాదారు ఎవరన్నది ఇక ఫోన్ పెట్టె చెప్పదు, చేతిలోని కార్డు చెబుతుంది.

ఆ కార్డులో ఉండే అంకెల వరుసలో మొదటి మూడూ దేశానివి. జర్మనీకి 262, ఫ్రాన్స్‌కు 208, ఇటలీకి 222. జర్మన్ సిమ్ స్ట్రాస్‌బర్గ్‌లో దిగి ఫోన్ ఆన్ చేయగానే ఫ్రెంచి నెట్‌వర్క్ 262 చూసి సొంత కంపెనీని వాకబు చేస్తుంది: ఈయన మీవాడేనా, బాకీలేమైనా ఉన్నాయా? సరేనన్న జవాబు రాగానే పేరును అతిథుల పట్టీలో ఎక్కించుకుంటుంది. ఇదంతా కొన్ని క్షణాల పని, రోమింగ్ అంటే ఇదే. 1992లో టెలికాం ఫిన్లాండ్, బ్రిటన్ వోడాఫోన్ కుదుర్చుకున్నది ప్రపంచంలో తొలి అంతర్జాతీయ రోమింగ్ ఒప్పందం.

సాంకేతికంగా అక్కడితో కథ ముగియాలి. ముగియలేదు. ఆతిథ్యమిచ్చే కంపెనీ సొంత కంపెనీకి టోకు ధర వేసేది, సొంత కంపెనీ దాని మీద తన లాభం వేసుకునేది. కట్టేవాడికి ఈ రెండు కంపెనీల మధ్య బేరంతో సంబంధమే లేదు. పరాయి ఊళ్లో ఉండగా వచ్చిన కాల్ ఎత్తినా డబ్బు పోయేది. బెంగళూరు వెళ్లి ఇంటి నుంచి వచ్చే ఫోన్లు ఎత్తకుండా మిస్డ్ కాల్స్‌తో కాలక్షేపం చేసిన తెలుగువాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

ఐరోపాలో ఈ ధరల మీద గట్టిగా పట్టుబట్టినవారు లక్సెంబర్గ్‌కు చెందిన అప్పటి యూరోపియన్ కమిషనర్ వివియాన్ రెడింగ్. 2007లో వచ్చిన యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం, పన్ను కాక, చేసే కాల్‌కు నిమిషానికి 49 సెంట్లు, అందుకునే కాల్‌కు 24 సెంట్లు మించకూడదు. సరిహద్దు దాటగానే ధరలు తెలిపే ఉచిత సందేశం రావాలన్న నియమం కూడా అప్పటిదే. వోడాఫోన్ తదితర కంపెనీలు కోర్టుకెక్కాయి, 2010 జూన్‌లో ఐరోపా న్యాయస్థానం నిబంధన చెల్లుతుందంది. డేటాకు చిల్లర ధర పరిమితి 2012 దాకా రాలేదు. అప్పుడైనా ఒక్క మెగాబైట్‌కు 70 సెంట్లు! 2014కు అది 20 సెంట్లకు దిగింది.

అదనపు రుసుము పూర్తిగా ఎత్తేసే ముందు కమిషన్ ఒకసారి తడబడింది. 2016 సెప్టెంబరులో ఏడాదికి 90 రోజులే ఉచితమన్న ముసాయిదా బయటపెట్టి, గోల రేగగానే కొద్ది రోజుల్లో వెనక్కి తీసుకుంది. చివరికి 2017 జూన్ 15 నుంచి ఇంట్లో ధరే బయటా. అయితే ఖరీదు తక్కువున్న దేశంలో సిమ్ కొని ఖరీదెక్కువున్న దేశంలో శాశ్వతంగా వాడితే కంపెనీ ఊరుకోదు. నాలుగు నెలల వాడకం చూసి, బయటే ఎక్కువగా ఉన్నాడనిపిస్తే సంజాయిషీ అడుగుతుంది.

వలసదారుల కోసం పుట్టిన చౌక సిమ్‌లది మరో ముచ్చట. లెబారా 2001లో, లైకా మొబైల్ 2006లో లండన్ కేంద్రంగా మొదలయ్యాయి. రెండింటి వెనకా శ్రీలంక తమిళులే ఉన్నారు. రజనీకాంత్ ‘2.0’ తీసిన లైకా ఇదే. తెలుగు ప్రేక్షకులకు ముందు పరిచయమైంది సినిమా సంస్థ పేరుగానే. జర్మనీ చేరిన తెలుగు విద్యార్థికి మాత్రం అది వీధి చివర కొట్లో దొరికే ప్రీపెయిడ్ సిమ్. 2017 జులై నుంచి అక్కడ పాస్‌పోర్టో మరో గుర్తింపో చూపనిదే అది పనిచేయదు.

‘ఐరోపా అంతటా’ అన్న మాట నమ్మితే మోసపోతారు. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ ఈ ఏర్పాటులో ఉన్నాయి, స్విట్జర్లాండ్ లేదు. యూనియన్ నుంచి తప్పుకున్న బ్రిటన్‌లో 2022లో పెద్ద కంపెనీలు కొన్ని మళ్లీ రోజువారీ రుసుము పెట్టాయి. 2026 జనవరి 1న ఉక్రెయిన్, మాల్దోవా ఈ ఏర్పాటులోకి వచ్చాయి. జర్మన్ పట్టణం కాన్‌స్టాన్స్, స్విస్ పట్టణం క్రొయిట్‌స్లింగెన్ పక్కపక్కనే ఉంటాయి. కాన్‌స్టాన్స్‌లో ఇంటి కిటికీ దగ్గర నిలబడ్డ ఫోన్ స్విస్ టవర్‌ను పట్టుకుంటే అడుగు కదపకుండానే రోమింగ్ మొదలు కావచ్చు. అందుకే సరిహద్దు పట్టణాల్లో ఉండేవారు నెట్‌వర్క్ ఎంపికను ఫోన్‌కు వదిలేయకుండా తామే చేసి పెట్టుకుంటే బిల్లు బెడద ఉండదు.