మిద్దె మీద మన్ను

కప్పు మీద వేడిని ఆపే పొర వేయించడమంటే పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఖర్చని చాలామంది అనుకుంటారు. పాలమూరు పాత మిద్దెలు చూస్తే ఆ మాట నిలవదు. గద్వాల, ఆలంపూర్ వైపు రాతిగోడల మీద దూలాలెత్తి, వాటిపై దంతెలు పేర్చి, కట్టెనో బండనో పరిచి, ఆకులు కప్పి, జానెడుకు పైగా మన్ను పోసి దిమ్మిసతో గట్టిపరిచేవాళ్ళు. అన్నిటికీ పైన చౌడు. తడిసినప్పుడు చౌటిమట్టిలోని సన్నటి రేణువులు విడిపోయి సందులను పూడ్చేస్తాయి, అందుకే వాన లోపలికి దిగదు. ఇక ఎండ సంగతి. అడుగు మందం మన్ను, నాలుగంగుళాల కాంక్రీటు స్లాబు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వేడికి అడ్డుపడుతుంది. చలిదేశాల వాళ్ళు వెచ్చదనం పోకుండా అటకపై పొర పరుస్తారు. ఇక్కడివాళ్ళు అదే పని ఎండ కోసం ఎప్పుడో చేశారు.

మరి ఆ మిద్దెలు ఎందుకు పోయాయి? బరువుకు దూలాలు వంగేవి, చెదలు పట్టేవి, ఏటా వానలకు ముందు చౌడు వేయాల్సి వచ్చేది, ముసురు పడితే కూలేవి కూడా. స్లాబు గెలవడం న్యాయమే. కానీ గట్టిదనం కోసం స్లాబును తెచ్చుకుంటూ మన్ను చేసే పనిని వదిలేశాం. నిజానికి ఆ రెంటినీ కలిపే దారి అప్పటికే ఉంది: స్లాబు మీద గడ్డి కలిపిన మట్టి పరిచి, పైన బిళ్ళలు అతికే పద్ధతికి ఐఎస్ 2115 అనే భారతీయ ప్రమాణమే ఉంది. 2018 నాటి ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పులోంచి చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. ఉత్త స్లాబు దాదాపు మూడు రెట్లు దించుతుంది.

తెల్లరంగు చాలదా అంటారు. మేలే, 2017లో హైదరాబాద్‌లోని ఒక బస్తీలో తెల్లటి పొర పరిచి చూస్తే ఇంటి లోపల సుమారు 2 డిగ్రీలు తగ్గింది. అయితే దుమ్ము పట్టేకొద్దీ రంగు గుణం తగ్గుతుంది. కింద థర్మోకోల్ పలకలో, నురగ కాంక్రీటో ఉంటే ఆ భయం తక్కువ, బరువూ తక్కువ. ఖర్చు మాట నిజమే. కానీ గంటకు యూనిట్ నుంచి యూనిట్‌న్నర లాగే ఏసీ వేసవిలో గృహజ్యోతి కింద ఉచిత కరెంటు పొందే ఇంటిని 200 యూనిట్లు దాటిస్తే బిల్లు మొత్తం కట్టాల్సిందే. బిల్లే కాదు, ప్రాణం మాటా ఉంది: 2015 మే వడగాడ్పుల్లో ఎక్కువమందిని పోగొట్టుకున్న జిల్లాల్లో నల్లగొండ ఒకటి. ఏసీ కొనలేని ఇంటికి కప్పే దిక్కు. తెలంగాణ 2023 కూల్‌రూఫ్ విధానం నివాసాల్లో 600 చదరపు గజాలు, ఆపై స్థలాలకే తప్పనిసరి, మిగతావాళ్ళకు ఇష్టం. నల్లగొండ, పాలమూరుల్లో చిన్న ఇళ్ళే ఎక్కువ. 5 లక్షల సాయంతో కట్టే ఇందిరమ్మ ఇంటికి స్లాబు దశలో బిల్లు ఇచ్చేటప్పుడే, పైపొర ఖర్చునూ అంచనాలో చేర్చాలి.