కుదువ విడిపించుకోవడం: చిత్తూరు సీమలో అప్పు, పొదుపు

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పొలాన్ని గానీ ఇంటిని గానీ కుదువ పెట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిదానిలో ఆస్తి అప్పు తీసుకున్నవాడి చేతిలోనే ఉంటుంది. అతను ఏటేటా వడ్డీ కడుతూ పోతాడు. రెండోది స్వాధీన తనఖా, వాడుకలో భోగ్యం. ఇందులో కయ్యను (పొలాన్ని) అప్పిచ్చినవాడికి అప్పగించాలి. అతను దున్నుకుని, నాటుకుని, పండినదాన్ని వడ్డీ కింద అనుభవిస్తాడు. అసలు ముట్టజెప్పిన నాడు కయ్య వెనక్కి వస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ఈ రెండు పద్ధతులనూ నిర్వచించింది.

అప్పును త్వరగా వదిలించుకోవాలనుకునే కుటుంబానికి భోగ్యం చాలా కష్టమైన ఏర్పాటు. 500 రూపాయల అప్పులో 100 రూపాయలు కూడబెట్టి తీసుకెళ్లినా కయ్యలో అయిదో వంతు తిరిగి రాదు. ఆ వందను పుచ్చుకోవాల్సిన అవసరం అప్పిచ్చినవాడికి లేదు, పుచ్చుకుంటే అతనికి లాభమూ లేదు. పైగా అదే చట్టం 60వ సెక్షన్ ప్రకారం విడిపించుకునే హక్కు బాకీ గడువు వచ్చాకే మొదలవుతుంది. పత్రంలో పదేళ్లని రాసుకుంటే, ఏడో ఏట బెల్లం మంచి ధర పలికి చేతినిండా డబ్బున్నా మిగిలిన మూడేళ్లు ఆగవలసిందే. గడువు దాటాక మాత్రం చట్టం రైతు పక్షాన గట్టిగానే నిలబడింది. విడుదల హక్కును పత్రంలో ఏ షరతు రాసినా తీసేయడానికి వీల్లేదు. అప్పిచ్చినవాడు డబ్బు తీసుకోనని మొండికేస్తే 83వ సెక్షన్ కింద కోర్టులో జమ చేయవచ్చు. 1908 నాటి కాలపరిమితి చట్టం విడిపించుకోవడానికి 60 ఏళ్లు ఇచ్చింది. 1963 చట్టం దాన్ని 30 ఏళ్లకు కుదించింది.

గడువులోగా అసలు మొత్తం ఒక్కసారిగా చేతిలో ఉండాలి కాబట్టి, పొదుపు చేసిన డబ్బును అప్పుకు దూరంగా మరోచోట దాచుకోవాల్సి వచ్చేది. ఈ ప్రాంతపు పొదుపు అలవాట్లు చాలావరకు ఆ అవసరంలోంచే కుదురుకున్నాయి. వాన నమ్మకం లేని మెట్ట నేల ఇది. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు రాగి, శనక్కాయ. రాగి సంగటి, శనక్కాయల చట్నీ రోజువారీ తిండిగా, వరన్నం పండగ తిండిగా ఉన్న ఇళ్లు చాలా ఉండేవి. పాల డబ్బు ఉప్పుకూ పప్పుకూ సరిపెట్టి, చెరకు గానుగ మీద వచ్చిన బెల్లం డబ్బునూ శనక్కాయల డబ్బునూ ముట్టుకోకుండా అప్పు కోసం ఉంచడం జాగ్రత్తగల సంసారపు లెక్క. ఆ లెక్క నడిచింది ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదే, అయినా పత్రాల మీద వాళ్ల పేరు కనిపించేది తక్కువ. మిగిలిన డబ్బు నగగా మారేది. నగను అవసరమైన రోజున అమ్మవచ్చు, కుదువ పెట్టవచ్చు.

నగ తర్వాతి దారి చీటీ. ఇరవై మంది నెలకు 50 రూపాయలు వేస్తే వెయ్యి పోగవుతుంది. కుదువ గడువు దగ్గరపడ్డ రైతు 200 తగ్గించి పాడితే 800 అప్పటికప్పుడు అందుతుంది. వదులుకున్న 200లో నడిపేవాడి కమీషన్ పోగా మిగిలింది అందరికీ పంపకమవుతుంది. అవసరం లేనివాడికి ఆ పంపకమే వడ్డీ. అవసరమున్నవాడికి చీటీ, కొద్దికొద్దిగా వేసిన డబ్బును ఒక్క మొత్తంగా మార్చే సాధనం. భోగ్యం కోరింది సరిగ్గా ఆ ఒక్క మొత్తాన్నే.

అప్పు మాట తిరుపతిలో దేవుడి కథలోనూ ఉంది. నారాయణవనంలో ఆకాశరాజు కూతురు పద్మావతిని పెళ్లాడేందుకు శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, భక్తుల కానుకలతో ఆ వడ్డీ ఇప్పటికీ తీరుతూనే ఉందనీ స్థలపురాణం. వడ్డికాసులవాడన్న పిలుపును భక్తులు ఈ కథతోనే చెప్పుకుంటారు. గుడి శాసనాల్లో కనిపించే ఆర్థిక వ్యవహారం వేరు. విజయనగర కాలపు దాతలు శ్రీభండారంలో (గుడి ఖజానాలో) సొమ్ము జమ చేస్తే, దాన్ని దేవస్థానపు గ్రామాల్లో చెరువులకూ కాలువలకూ పెట్టి, పెరిగిన పంటతో దాత పేరిట నైవేద్యం జరిపించేవారు. సొమ్ము నీటివనరుగా ఉండిపోతుంది, దాని ఫలమే ఏటేటా ఖర్చవుతుంది. ముడుపు కట్టే ఆచారం ఇంటి స్థాయిది: మొక్కుకున్న రోజు నుంచి పసుపు గుడ్డలో నాణేలు చేర్చి, కొండకు వెళ్లేదాకా విప్పకూడదు. ఎంత ఇబ్బంది వచ్చినా తాకని డబ్బు ఒకటి ఇంట్లో ఉండగలదని ఈ ఆచారం తరతరాలకూ అలవాటు చేసింది.

చిత్తూరు జిల్లా 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో ఏర్పడింది. అప్పటికే మద్రాసు ప్రభుత్వం రైతుల అప్పుల మీద కలవరపడుతోంది. 1890లలో మద్రాసు అధికారి ఫ్రెడరిక్ నికల్సన్ రాష్ట్రమంతటి గ్రామీణ రుణాన్ని 45 కోట్ల రూపాయలుగా అంచనా కట్టి, సహకార సంఘాలే మందని సూచించాడు. 1904లో సహకార పరపతి చట్టం వచ్చింది. ఆ సంఘాలు ఇచ్చిన చిన్న అప్పులు విత్తనాలకు చాలేవి, పాత కుదువలు విడిపించడానికి చాలేవి కావు. ఆ లోటు పూడ్చడానికే 1929లో మద్రాసు కేంద్ర భూతనఖా బ్యాంకు ఏర్పడింది, 1934లో దానికో చట్టం వచ్చింది. భూతనఖా బ్యాంకులు తొలి దశాబ్దాల్లో ఇచ్చిన అప్పుల్లో ఎక్కువ భాగం పాత బాకీలు తీర్చడానికే. రైతు ఒక తనఖా విడిపించుకుని అదే భూమిని మరొకరికి తనఖా పెట్టినట్టే అయినా, తేడా చాలా పెద్దది. భూమి అతని సాగులోనే ఉంటుంది, వడ్డీ తక్కువ, అసలు ఏటా వాయిదాల్లో తరుగుతూ వస్తుంది. దాచిన ప్రతి రూపాయీ అప్పును తగ్గించడం చాలా కుటుంబాలకు ఇక్కడే మొదలైంది.

ఆర్థిక మాంద్యంలో ధరలు కూలిపోయాక పొదుపు ఒక్కటే గట్టెక్కించలేకపోయింది. రాజాజీ ప్రభుత్వం 1938లో తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల ఉపశమన చట్టం నేరుగా లెక్కల్లో జోక్యం చేసుకుంది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించి ఉంటే అప్పు పూర్తిగా తీరినట్టేనంది. 1920లో 12 శాతం వడ్డీకి 200 రూపాయలు తీసుకుని, ఏటా 24 రూపాయల వడ్డీ పదిహేడేళ్లు తప్పకుండా కట్టిన రైతును ఊహించుకుంటే, అతను కట్టింది 408 రూపాయలు. పాత పత్రం ప్రకారం ఇంకా 200 బాకీ. కొత్త చట్టం ప్రకారం బాకీ లేదు. ఇలాంటి కేసుల్లో ప్రోనోటు వెనక రాయించుకున్న జమలే సాక్ష్యం. జమ రాయించుకోకుండా నమ్మకం మీద డబ్బిచ్చినవాడు నష్టపోయాడు. భోగ్యాల సంగతి 1948 సవరణలో వచ్చింది: అప్పిచ్చినవాడు 30 ఏళ్లు భూమిని అనుభవించి ఉంటే తనఖా తీరిపోయినట్టే.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పంటల ధరలు పెరిగాయి. అప్పు మాత్రం పాత రూపాయల్లోనే ఉండిపోయింది. 1946లో ఆర్థికవేత్త బి.వి. నారాయణస్వామి నాయుడు ఇచ్చిన నివేదిక ప్రకారం, మద్రాసు రాష్ట్రపు గ్రామీణ రుణం యుద్ధ సంవత్సరాల్లో సుమారు అయిదో వంతు తగ్గింది. అమ్మడానికి మిగులు పంట ఉన్న పెద్ద రైతులే ఎక్కువగా తీర్చుకున్నారు. కూలీల అప్పు పెరిగింది. పొదుపు గుణం ఇద్దరిలోనూ ఉండవచ్చు, మిగులు మాత్రం ఒకరికే ఉంది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా 1938 చట్టం ఈ ప్రాంతంలో కొనసాగింది. 1977లో మరో చట్టం చిన్న రైతులు, కూలీలు, చేతివృత్తులవారి ప్రైవేటు అప్పులను రద్దు చేసింది. 1987లో భూతనఖా బ్యాంకుల వారసత్వ సంస్థలు ఏకగవాక్ష విధానం కింద సహకార బ్యాంకుల్లో కలిసిపోయాయి. 2000లో మొదలైన వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకపు తొలి ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. రోజుకో రూపాయి చొప్పున నెలకు 30 రూపాయలతో మొదలైన మహిళా పొదుపు సంఘాలు బ్యాంకు అప్పులు తెచ్చి, బయట నెలకు నూటికి మూడు, అయిదు రూపాయల వడ్డీకి తెచ్చిన బాకీలను తీర్చుకున్నాయి. ఇంటి పొదుపు లెక్క సభ్యురాలి పేరు మీద పుస్తకంలో కనిపించడం ఇక్కడ గమనించదగ్గ మార్పు.

తిరుపతి పట్టణంలో కథ ఇంటి రుణాలది. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది; దాని ఉద్యోగులూ, దేవస్థానం, ఆర్టీసీ, రైల్వే ఉద్యోగులూ నెల జీతం మీద ఇల్లు కట్టుకునే వర్గంగా పెరిగారు. వీళ్ల తనఖా ఎక్కువగా బ్యాంకులో దస్తావేజులు ఉంచి చేసేది. నెలవారీ వాయిదా తొలి ఏళ్లలో ఎక్కువగా వడ్డీకే పోతుంది. 30 లక్షలు 8.5 శాతానికి ఇరవై ఏళ్లకు తీసుకుంటే వాయిదా సుమారు 26,035 రూపాయలు. మొదటి నెలలో 21,250 వడ్డీకి పోయి అసలుకు పడేది 4,785 మాత్రమే. మొత్తం వడ్డీ 32 లక్షలు దాటుతుంది. ఏటా ఒక్క వాయిదా అదనంగా కడితే అప్పు మూడేళ్లకు పైగా ముందే ముగుస్తుంది. తొలి ఏళ్లలో కట్టిన అదనపు రూపాయికి విలువ ఎక్కువ, ఎందుకంటే మిగిలిన ఏళ్లన్నిటి వడ్డీనీ అది ఆపుతుంది.

ఇంత లాభమున్నా చాలాకాలం బ్యాంకులు ముందస్తు చెల్లింపు మీద రుసుము వేసేవి. 60వ సెక్షన్‌లోని గడువు నియమం కొత్త వేషంలో కొనసాగినట్టయింది. 2012 జూన్‌లో రిజర్వు బ్యాంకు మారే వడ్డీ ఇంటి రుణాలపై ఆ రుసుమును నిషేధించింది. గృహరుణ సంస్థలకు అలాంటి ఆదేశాలు అంతకు ముందే వచ్చాయి. స్థిర వడ్డీ రుణాలకు ఆ నిషేధం వర్తించలేదు. అప్పటినుంచి మారే వడ్డీ రుణమైతే సంక్రాంతి బోనస్సో, పాడిన చీటీ డబ్బో, జీతపు బకాయిలో ఎంత వచ్చినా అదే వారం అసలులో వేయవచ్చు.

అప్పు పూర్తిగా తీరాక దస్తావేజులు చేతికి రావడం చివరి అంకం. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు దీనికీ గడువు పెట్టింది: చెల్లింపు ముగిసిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి, రిజిస్ట్రేషన్‌లో నమోదైన తనఖాను తొలగించాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ తొలగింపు ఎక్కాక తీసే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో), ఆ ఇంటి మీద తనఖా రద్దయినట్టు కనిపిస్తుంది.