ఖాళీబండి తూకము



చెఱకు పండించిన బోధను ప్రాంతపు రైతులకు తూకపు న్యాయము నేను నేర్పవలసిన పని లేదు. శక్కరనగరులోని నిజాం చక్కెర కర్మాగారము 1937లో వెలసి, 2015లో మూతపడినది. చెఱకు తూచునపుడు నిండుబండిని కాటాపై నిలిపి తూచి, సరకు దింపిన పిమ్మట ఖాళీబండిని మరల తూచి, ఆ భేదమునే రైతు లెక్కలో వ్రాయవలెను. ఖాళీబండిని తూచనిచో చెఱకు బరువెంతయో, బండి బరువెంతయో బ్రహ్మకైనను తెలియదు. నేడు నేను చెప్పబూనిన చరిత్రకు ఈ న్యాయమే మూలము.

ప్లాస్టిక్కు ఆకువలె కుళ్లి మన్నుగాదు. ఎండకు పెళుసెక్కి, రాపిడికి నలిగి, చిన్నచిన్న ముక్కలగును. అయిదు మిల్లీమీటర్లకు లోబడిన వానిని సూక్ష్మప్లాస్టిక్కులందురు. 2004లో ఇంగ్లండునందలి ప్లిమత్ విశ్వవిద్యాలయపు రిచర్డ్ థాంప్సన్ సహచరులతో గూడి, 1960 ప్రాంతమునుండి భద్రపఱచిన సముద్రజీవుల నమూనాలను వెదకి, ఈ పోగులు కాలక్రమమున హెచ్చుట చూపెను. ఇసుకలో నివసించు పురుగులు వీనిని మ్రింగుటయు వారు కనుగొనిరి.

చేప కడుపులోని ముక్కను పట్టుటెట్లు? ప్రేగులను క్షారజలమున నానవేసినచో మాంసము కరగును. ప్లాస్టిక్కు చాలవఱకు మిగులును. దానిని వడగట్టి సూక్ష్మదర్శినితో జూతురు. అయినను ఆ రేణువు ప్లాస్టిక్కో, నూలుపోగో కన్ను నిశ్చయింపజాలదు. అచ్చట వెలుగే సాక్షి.

ఇది మనకు క్రొత్త గాదు. చక్కెరనీరు వెలుగు కంపించు దిక్కును త్రిప్పునని 1815లో ఫ్రాన్సు దేశీయుడు బియో గ్రహించెను. ఆ త్రిప్పును గొలిచియే చెఱకురసములోని చక్కెరను నిర్ణయింతురు. నేను ఉపాధ్యాయుడనై యుండగా విద్యార్థులకు ఈ సంగతి చెప్పి, వారి ముఖములందు ఆశ్చర్యమును గాంచితిని. తరువాత, బాల్యమున విశాఖపట్టణమందు చదివిన చంద్రశేఖర వేంకటరామన్, 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో మఱియొక రహస్యము కనుగొనెను. పదార్థముపై బడి చెదరిన వెలుగులో కొంత భాగము రంగు మార్చుకొనును. ఆ మార్పు ఒక్కొక్క పదార్థమున కొక్కొక్క తీరున నుండును. 1930లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. నేడు ఆ వెలుగే రేణువు పాలిథీనో, నైలానో చెప్పుచున్నది. ఈ విధముననే ఇటలీ వైద్యులు ఆరుగురు బాలింతల మావులను పరీక్షించి, నాలుగింట 12 ముక్కలు దొరకినవని 2021లో ప్రకటించిరి.

2022లో హాలండు పండితులు వేఱొక మార్గమున, రక్తమును వేడిచేసి వచ్చిన ఆవిరులను దూచి, 22 మందిలో 17 మంది రక్తమున ప్లాస్టిక్కు కలదనిరి. గడల లెక్క వేఱు, కాటాపై బరువు వేఱు. వెలుగు ముక్కల నెన్నును. ఆవిరి బరువు చెప్పును. కాని కొవ్వు కాలినను పాలిథీనును బోలిన ఆవిరులే వచ్చును గనుక, ఆ మార్గమున పొరపాటునకు చోటు కలదు.

అన్నిటికంటె గొప్ప చిక్కు పరీక్షకుడే. అతని అంగీనుండియు, గదిలోని ధూళినుండియు పోగులు నమూనాలో రాలును. కావున మాంసమేమియు లేని పాత్రకును అవే క్రియలు జరిపి, అందు దొరకిన దానిని లెక్కనుండి తీసివేయుదురు. ఇదియే ఖాళీబండి తూకము.

పెద్దలారా! మీ దేహమున ఇంత ప్లాస్టిక్కు గలదని ఎవరైన చెప్పినచో బెదరవలదు, నవ్వి త్రోసివేయను వలదు. ఖాళీబండిని తూచితిరా యని యడుగుడు. దొరకుట వేఱు, హాని చేయుట వేఱనియు మఱువకుడు. అయితే కందకుర్తి కడ మంజీర గోదావరిని గలియు చోట మనము విసరిన సంచి నలిగి కనుమఱుగగునే గాని నశింపదు. దానిని విసరకుండుటకు ఏ పరీక్షయు కానక్కఱలేదు.