మిత్తి మీద గిటార్

ఆ కట్టె ఇంకింత లోపలికి దొబ్బు రా బిడ్డా, పొగ నా మొఖం మీదికే వస్తున్నది. ఏందో గిటార్ తీసుకుంటవట గద, నెల నెలా కిస్తీల మీద. మీ అమ్మ జెప్పింది. తీస్కో, నేనెవన్ని వద్దనెటందుకు? గని ఈ మొఘల్‌పురల నాకెరికైన మొదటి గిటార్ కూడ అప్పు మీదనే వచ్చింది. ఇను, ఆ ముచ్చట జెప్త.

1978 అది. నేను ఛత్తా బజార్ల ఒక వకీల్ సాబ్ దగ్గర గుమాస్తాగ ఉంటి. పొద్దుగాల పురానీ హవేలీ కోర్టుకు ఫైళ్లు మోసుడు, మాపటికి నోటీసులు టైపు కొట్టుడు. మన గల్లీ మూలకు ఒక అవుసులాయన ఉండె, చార్‌కమాన్‌ల సేఠుల కాడ కూలికి నగలు జేసేటోడు. ఆయన పెద్ద పోరడు ఇంటర్ తప్పి ఇంట్ల కూసున్నడు. వానికి సినిమా పిచ్చి లేసింది. పిచ్చంటే మాములుది గాదు. 1973ల ‘యాదోం కీ బారాత్’ వచ్చింది గద, అండ్ల జీనత్ అమాన్ గిటార్ పట్టుకొని పాడుతది. దాన్నే మనోళ్లు 1975ల ‘అన్నదమ్ముల అనుబంధం’ అని తీసిన్రు. రామారావు, మురళీమోహన్, బాలకృష్ణ అన్నదమ్ములు. బాలకృష్ణకు అప్పటికి మీసం గూడ సరిగ రాలే. తన ఈడు పోరడు తెర మీద కనవడంగనే మనోనికి నిద్ర వట్టలే. జీనత్ అమాన్ చేతిలున్నది ఒట్టి గిటారే, అసలు వాయించింది భూపిందర్ సింగ్ అని ఎంత జెప్పినా వాడు నమ్మలే. “ఆమె ఏండ్లు సక్కగ కదుల్తున్నయి తాతా” అనేటోడు మా నాయినతోని.

అప్పుడే మన దిక్కు మనుషులు గల్ఫుకు పోవుడు షురువైంది. నూనె ధర లేసినంక జిద్దా, కువైట్‌ల పనే పని. పోయినోడు సెలవుల మీద వచ్చిండంటే టేప్‌రికార్డరు, నైలాన్ చీరలు, సెంటు సీసాలు. షాలిబండ దిక్కు ఒకాయన యమహా గిటార్ పట్టుకొచ్చిండు. జపానుది. ఆయనకు వాయించరాదు, అమ్మెటందుకే తెచ్చిండు. 1,600 అన్నడు. తులం బంగారం 700 లోపలున్న రోజులవి, నువ్వే లెక్క జేస్కో.

మనోని దగ్గర 175 ఉండె. మిగిలింది ఏడికెళ్లి తెస్తడు? గల్లీ బయట ఒక ఫైనాన్స్ ఆయన ఉండె. నూటికి నెలకు అయిదు మిత్తి. 1,500 రాసుకొని, మొదటి నెల మిత్తి 75 ముందే కోసుకొని, 1,425 చేతిల వెట్టిండు. పోరనితోని ప్రామిసరీ నోటు మీద సంతకం తీసుకున్నడు. గని “జమానత్ ఎవరు?” అన్నడు. బాపుకు జెప్తే ఈపు సాపయితదని వీనికెర్క. అందుకని ఎవలి కాడికి పోయిండో ఎరికేనా? ఎదురింటి గాజుల చాచా కాడికి.

చాచా లక్క గాజులు జేసేటోడు. లాడ్‌బజార్‌ల అమ్మేటియి అన్నీ గిట్ల చిన్న చిన్న ఇండ్లల్ల తయారైతయి. మొన్న 2024ల వాటికి జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్ల వేసిన్రు సూడు, గవే. కుంపటి మీద లక్క కాగి మెత్తగైతది, దాన్ని పట్టీ మీద వత్తి, పొడుగ్గ సాగదీసి, చుట్టజేసి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయి ఏలుతోని అద్దుతరు. చాచాకు ఏండ్ల కొసలు కాలి కాలి కాయ గట్టినయి, నిప్పు తాకినా తెల్వదు. పోరడు గిటార్ తీగెలకు ఏండ్లు కోసుకొని నెత్తురు కారవెట్టుకుంటే, తన చెయ్యి సూపిచ్చి నవ్విండట, “ఠహెర్ బేటా, తుజే భీ ఆజాయేగా” అని. గసుంటి మనిషి, నోటు ఎనక సంతకం వెట్టిండు. మిత్తి ఎంతని గూడ అడగలే.

పోరడు పని నేర్చిండు, అబద్ధం జెప్పొద్దు. ఆబిడ్స్ దిక్కు చర్చిల వాయించే ఒకాయన దగ్గరికి సైకిల్ మీద పోయి నేర్సుకున్నడు. గణేశ్ మంటపాల కాడ ఆర్కెస్ట్రా, పెండ్లిండ్ల ఆర్కెస్ట్రా. ఒక్క ప్రోగ్రాముకు 25 ఇచ్చేటోళ్లు. నెలకు మూడు దొరికితే మిత్తికి సరి. దొరకని నెల మిత్తి అసల్ల కలిసేది. శ్రావణం పోయి, గణపతి నిమజ్జనమై, మూఢం వచ్చి పెండ్లిండ్లు బందు అయినంక ఏముంటది?

ఇగ ఫైనాన్స్ ఆయన నెల నెలా అయిదో తారీఖు వచ్చి కూసునుడు వెట్టిండు. పోరని ఇంటి ముందట గాదు, చాచా కుంపటి ముందట. తిట్టేటోడు గాదు, ఒర్రేటోడు గాదు. ఊకె కూసోని చాయ్ తాగేటోడు. గాజులకొచ్చిన ఆడోళ్లు సూసి ఎనక్కి మర్లేటోళ్లు.

అప్పు గొడవలు ఈ ఊరికి కొత్త గాదు. ఒకప్పుడు అరబ్బులు, రోహిల్లాలు అప్పు కట్టనోన్ని తమ కాడనే బంది వెట్టేటోళ్లట. మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయినంక ఆ జులుం అణగ్గొట్టిండు. ఆయన దివాన్ అయిన ఆ 1853లనే, ఈస్టిండియా కంపెనీకి బాకీ పడ్డందుకు నిజాం బేరార్ అప్పజెప్పిండు. నిజాముకే తప్పలే, అవుసుల పోరడెంత?

సంగతి బయటవడ్డది. అవుసులాయన పోరన్ని ఈపు మీద రెండు సర్సి, వాన్ని తీసుకొని మా వకీల్ సాబ్ కాడికొచ్చిండు. నేనే ఫైలు తీసిన. వకీల్ సాబ్ మొదలు అడిగిందొక్కటే, “సంతకం నాటికి వయసెంత?” పదిహేడు. ఆయన కుర్చీల ఎనక్కి వాలి నవ్విండు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనోని ఒప్పందం చెల్లదు. కలకత్తల గిసుంటిదే కేసు అయింది. ధర్మదాస్ ఘోష్ అని మైనరు, 20,000కు ఇల్లు కుదువ వెట్టిండు. లండన్‌ల ప్రివీ కౌన్సిల్ దాకా పోతే, 1903ల ఆ పత్రమే చెల్లదని తీర్పిచ్చిన్రు. “నీ కొడుకు పైస కట్టక్కర లేదు, పో” అన్నడు.

అవుసులాయన మొఖం ఎలిగింది. మెట్లు దిగబోయి, మల్ల ఎనక్కొచ్చి అడిగిండు, “మరి జమానత్ ఉన్నాయన?” అని. వకీల్ సాబ్ కలం మూత వెట్టి, “ఆయన పెద్దమనిషి గద. ఆయన్ని పట్టుకుంటడు” అన్నడు.

అగో, గీడ ఆగింది ముచ్చట. చట్టం పోరన్ని ఇడిసిపెట్టింది, బరువు పొయ్యి గాజులాయన నెత్తిన వడ్డది. అవుసులాయన ఎక్కువ మాట్లాడలే. తెల్లారి భార్య చేతి గాజులు తీస్కపోయి గిర్వి వెట్టిండు, సగం కట్టిండు. గిటార్‌ను ఆర్కెస్ట్రా మేస్త్రీ 900కు తీస్కున్నడు, అది గూడ అప్పుకే పోయింది. ఇంకా మిగిలిన కొసరు చాచానే కట్టిండు, ఎవలికీ జెప్పకుంట. అది మనకు ఏండ్లు గడిసినంక తెలిసింది.

పోరడు? కరెంటు పని నేర్సుకొని బొంబాయి మీదికెళ్లి జిద్దాకు పోయిండు. మొదటి డ్రాఫ్టు బాపు పేరు మీద రాలే, చాచా పేరు మీద వచ్చింది. తనకు రావల్సిన దానికంటె ఎక్కువ ఉన్నదని చాచా లొల్లి. ఎక్కువున్నది మిత్తి కింద అని వాడు రాసిండు. “మిత్తి మా దీన్‌ల హరామ్, నాకెందుకు?” అని చాచా ఆ ఎక్కువ పైసలు తెచ్చి అవుసులాయన ముందట వెట్టిండు. ఆయనేమో “నా కొడుకు పంపింది నీకు, నేనెట్ల ముడ్త?” అన్నడు. ఇద్దరూ నా కాడికొచ్చిన్రు, గుమాస్తావు గద, నువ్వే తెంపుమని.