అవుట్‌లుక్ డిఫాల్టు డేటా ఫైలు

మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ అనే ఈ-మెయిలు సాఫ్టువేరు తెరిచిన వెంటనే ఏ ఫైలును మొదట చదువుతుందో, తన క్యాలెండరును, చిరునామాలను, చేయవలసిన పనుల జాబితాను ఏ ఫైలులో దాచుకుంటుందో ఆ ఫైలును డిఫాల్టు డేటా ఫైలు అంటారు. డిఫాల్టు అనే మాటకు తెలుగు కంప్యూటరు పరిభాషలో "అప్రమేయ" అనే పదము కూడా వాడుకలో ఉన్నది. ఒక కంప్యూటరులో డేటా ఫైళ్ళు ఎన్ని ఉన్నా, ఒక ప్రొఫైలుకు డిఫాల్టు ఫైలు ఒక్కటే ఉంటుంది. దీనిని ఎంచుకొనుట చిన్న అమరికగానే కనిపిస్తుంది. కానీ 2000 దశకములో తెలుగు లిపిలో రాసిన ఉత్తరాల శీర్షికలు నిలిచినదీ చెరిగిపోయినదీ చాలావరకు ఈ అమరికను బట్టియే.

ఫైలు స్వరూపము

అవుట్‌లుక్ 1997లో ఆఫీస్ 97తో పాటు వెలువడినది. అది వాడే పీఎస్టీ అనే ఫైలు రకము అంతకు ముందరి మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజి క్లయింటు నుండి వచ్చినది. వచ్చిన ఉత్తరాలు, పంపిన ఉత్తరాలు, వాటికి జతపరచిన ఫైళ్ళు, క్యాలెండరు, చిరునామాలు అన్నీ ఈ ఒక్క ఫైలులోనే ఇమిడి ఉంటాయి. పేరులో పోలిక ఉన్నా అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వేరొక సాఫ్టువేరు. అది ఒక్కొక్క ఫోల్డరుకు ఒక్కొక్క డీబీఎక్స్ ఫైలును వాడేది. మొజిల్లా థండర్‌బర్డ్ కూడా సాధారణంగా ఫోల్డరుకు ఒక ఎంబాక్స్ ఫైలు చొప్పున దాచుతుంది. ఆ రెంటిలో ఒక ఫైలు చెడితే ఒక ఫోల్డరు పోతుంది. అవుట్‌లుక్‌లో చెడేది మొత్తం పెట్టె.

పీఎస్టీ గాక ఓఎస్టీ అనే మరొక రకము కూడా కలదు. ఇది సర్వరులో ఉన్న ఉత్తరాలకు కంప్యూటరులో ఉంచుకొనే నకలు. ఎక్స్ఛేంజి ఖాతాలకు మొదటి నుండి ఇదే వాడుకలో ఉండగా, ఐమ్యాప్ ఖాతాలకు మాత్రము అవుట్‌లుక్ 2013తో పీఎస్టీ పోయి ఓఎస్టీ వచ్చినది.

తెలుగు అక్షరములు, పాత ఫైలు

అవుట్‌లుక్ 97 నుండి 2002 వరకు వాడిన పీఎస్టీ ఫైలు ఆన్సీ పద్ధతిలో ఉండేది. అంటే ఉత్తరపు విషయము, పంపినవారి పేరు, చిరునామా పుస్తకములోని పేర్లు విండోస్‌లో ఎంచుకున్న కోడ్ పేజీలోని అక్షరములలోనే నిలువ ఉండేవి. రష్యన్, గ్రీకు, అరబిక్, థాయి లిపులకు అటువంటి కోడ్ పేజీలు ఉన్నవి. తెలుగుకు లేదు. విండోస్‌లో తెలుగుకు చోటు యూనీకోడ్ ద్వారానే దొరికినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో తెలుగు తోడ్పాటు, గౌతమి అనే ఖతి వచ్చినవి.

కనుక ఎక్స్‌పీ ఉన్న కంప్యూటరులో తెలుగు టైపు చేయగలిగినా, పాత రకపు డేటా ఫైలులోకి చేరగానే శీర్షికలోని ప్రతి తెలుగు సంకేతము ఒక ప్రశ్నార్థకముగా మారేది. ఉదాహరణకు నిజామాబాదు జిల్లాలోని బాల్కొండ పేరును విషయముగా పెట్టిన ఉత్తరము తీసుకుంటే, కంటికి కనిపించేవి మూడు అక్షరములే అయినా యూనీకోడ్‌లో దీనికి ఎనిమిది సంకేతములు కావాలి: బ, దీర్ఘము, ల, పొల్లు, క, ఒత్వము, సున్న, డ. ఆ ఊరి పేరు ఎనిమిది ప్రశ్నార్థకములుగా మిగిలేది. ఉత్తరపు లోపలి పాఠములో మాత్రము యూనీకోడ్ నిలిచేది. అందువలన ఉత్తరము తెరిస్తే తెలుగు చక్కగా కనబడుతుంది, జాబితాలో చూస్తే ఏది ఏ ఉత్తరమో తెలియదు. ఖతి లేకపోవుటయే కారణమని చాలామంది పొరబడేవారు. ఖతి లేనప్పుడు కనిపించేవి డబ్బాలు. ప్రశ్నార్థకములు కనిపించినవంటే అక్షరము నిల్వలోనే పోయినదని సాధారణంగా అర్థము.

ఇందులో ఒక విచిత్రమున్నది. 1990లలో ప్రవాస తెలుగువారు ఇంగ్లీషు అక్షరములతో ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసుకున్న ఉత్తరములు ఈ పాత ఫైళ్ళలో చెక్కుచెదరలేదు. చెడిపోయినవి ఆ తరువాత అచ్చమైన తెలుగు లిపిలో రాసినవే.

అవుట్‌లుక్ 2003 యూనీకోడ్ పీఎస్టీని తెచ్చినది. అయితే పాత సాఫ్టువేరు స్థానములో కొత్తది వేసుకున్నంత మాత్రాన పాత ఫైలు కొత్త రకములోకి మారలేదు. 2002 నాటి ఆన్సీ ఫైలే డిఫాల్టుగా కొనసాగేది, శీర్షికలు చెడిపోతూనే ఉండేవి. కొత్త ఫైలును సృష్టించి, దానిని డిఫాల్టు చేసి, పాత ఉత్తరములను అందులోకి తరలించినప్పుడే ఇబ్బంది తీరేది. ఏ ఫైలు ఏ రకమో తెలియాలంటే దాని గుణముల పెట్టెలో "అడ్వాన్స్డ్" నొక్కి చూడవచ్చును. రకము పక్కన 97-2002 అని ఉంటే అది ఆన్సీ ఫైలు.

ఒకసారి ప్రశ్నార్థకముగా మారిన శీర్షిక, ఫైలు మార్చినా తిరిగి రాదు. కానీ అంతర్జాలము ద్వారా అందిన ఉత్తరములకు ఒక చిన్న ఆశ ఉన్నది. ఉత్తరముతో వచ్చిన మూల హెడర్లను అవుట్‌లుక్ సాధారణంగా అలాగే దాచుతుంది. వాటిలో విషయము ఆస్కీ అక్షరములలోకి సంకేతీకరించబడి ఉంటుంది కాబట్టి, దానిని విప్పి అసలు శీర్షికను చదువుకొనవచ్చును. పంపిన ఉత్తరములకు ఈ అవకాశము లేదు.

మార్చే విధానము

అవుట్‌లుక్ 2003లో "టూల్స్" మెనూలోని "ఈ-మెయిల్ అకౌంట్స్"కు వెళ్ళి, ఉన్న ఖాతాలను చూసే పుటలో కొత్త ఉత్తరములు చేరవలసిన ఫైలును ఎంచుకొనేవారు. 2007లో "అకౌంట్ సెట్టింగ్స్" అనే పెట్టె వచ్చినది. అవుట్‌లుక్ 2010 నుండి ఇదే పెట్టె "ఫైల్" మెనూ కింద ఉంటుంది. అందులో "డేటా ఫైల్స్" విభాగములో కావలసిన ఫైలును ఎంచుకొని "సెట్ యాజ్ డిఫాల్ట్" నొక్కాలి. అవుట్‌లుక్‌ను మూసి మళ్ళీ తెరిచినప్పుడు మార్పు అమలులోకి వస్తుంది.

డిఫాల్టు మార్చితే పాత ఫైలులోని క్యాలెండరు, చిరునామాలు వాటంతట అవి కొత్త ఫైలులోకి రావు. కొత్త ఖాళీ క్యాలెండరు కనిపించేసరికి అంతా పోయిందని కంగారు పడనవసరము లేదు. పాత ఫైలు జాబితాలోనే ఉంటుంది, అందులోనివి చేతితో తరలించుకోవాలి. అట్లే 2010 నుండి పాప్ ఖాతాల విషయములో డిఫాల్టు మార్చుట వేరు, కొత్త ఉత్తరములు చేరే చోటు మార్చుట వేరు. రెండవదానికి ఖాతాను ఎంచుకొని "చేంజ్ ఫోల్డర్" నొక్కాలి. డిఫాల్టు మార్చిన తరువాత కూడా ఉత్తరములు పాత పెట్టెలోనే పడుతున్నవంటే కారణము ఇదే.

డిఫాల్టుగా ఉన్న ఫైలును జాబితా నుండి తీసివేయుటకు వీలు లేదు. ముందు వేరొకదానిని డిఫాల్టు చేయాలి. పీఎస్టీని జాబితా నుండి తీసివేసినా డిస్కు మీద ఫైలు అలాగే ఉంటుంది.

పోగొట్టుకొనే సందర్భములు

విండోస్ ఎక్స్‌పీలో ఈ ఫైలు సామాన్యముగా కనబడని ఒక దాపుడు ఫోల్డరులో ఉండేది. కంప్యూటరును ఫార్మాట్ చేసే ముందు "మై డాక్యుమెంట్స్" మాత్రమే నకలు తీసుకుంటే ఉత్తరములన్నీ పోయినట్లే. అవుట్‌లుక్ 2010 నుండి కొత్త పీఎస్టీలు "డాక్యుమెంట్స్"లోని "అవుట్‌లుక్ ఫైల్స్" అనే ఫోల్డరులో ఏర్పడుట మొదలైనది. ఇది మేలైన మార్పు. నకలు తీయునప్పుడు అవుట్‌లుక్ మూసి ఉండాలి. నెట్‌వర్కు డ్రైవులో పీఎస్టీని ఉంచి వాడుట చెడిపోవుటకు దారి తీస్తుంది.

ఐమ్యాప్ ఖాతా ఒక్కటే ఉన్నవారికి వేరొక ప్రమాదము కలదు. అవుట్‌లుక్ 2013 నుండి వారి ఓఎస్టీయే డిఫాల్టు అవుతుంది. క్యాలెండరు, చిరునామాల ఫోల్డర్ల పక్కన "ఈ కంప్యూటరు మాత్రమే" అనే అర్థమిచ్చే మాట ఉంటుంది. ఉత్తరములు సర్వరులో భద్రముగా ఉన్నా ఇవి సర్వరుకు చేరవు. ఖాతా తొలగిస్తే వీటి నకలు మరెక్కడా ఉండదు. కనుక ఒక పీఎస్టీని ప్రత్యేకముగా డిఫాల్టు చేసుకొని వీటిని అందులో ఉంచుట క్షేమకరము.

ఆన్సీ ఫైలుకు గరిష్ఠ పరిమాణము 2 జీబీ. అది దాటితే ఫైలు తెరుచుకొనేది కాదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఒక ఉపకరణము ఫైలును కత్తిరించి తెరిచేది కానీ కొంత సమాచారము పోయేది. యూనీకోడ్ ఫైలుకు అవుట్‌లుక్ 2003, 2007లలో 20 జీబీ, 2010 నుండి 50 జీబీ మామూలు పరిమితి. చెడిన ఫైలును బాగుచేయుటకు స్కాన్‌పీఎస్టీ అనే ఉపకరణము అవుట్‌లుక్‌తోనే వస్తుంది. పీఎస్టీకి పెట్టే సంకేతపదము మాత్రము నమ్మదగినది కాదు. దానిని తేలికగా తొలగించగల సాధనములు చాలాకాలముగా ఉన్నవి.

పాత ఫైళ్ళ విలువ

రచ్చబండ వంటి తెలుగు చర్చా బృందములకు వేదికైన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడినది. అందులోని పాత ఉత్తరములు అంతకు ముందే తొలగించబడినవి. అటువంటి బృందముల సభ్యుల డిస్కులలో మిగిలిన పీఎస్టీ, డీబీఎక్స్ ఫైళ్ళు ఆ చర్చలకు మిగిలిన నకళ్ళలో ఒక భాగము. మైక్రోసాఫ్ట్ 2010లో పీఎస్టీ నిర్మాణ వివరములను బహిరంగముగా ప్రచురించినది కనుక అవుట్‌లుక్ లేకుండా కూడా వీటిని చదువుట సాధ్యమే. లిబ్‌పీఎస్టీ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు వీటిని ఎంబాక్స్ రూపములోకి మార్చగలదు. 2024లో విడుదలైన కొత్త అవుట్‌లుక్ మొదట పీఎస్టీలను తెరవలేకపోయేది, ఆ తోడ్పాటు తరువాత అంచెలంచెలుగా చేరుతూ వచ్చినది. పాత ఫైళ్ళు ఉన్నవారు వాటిని తెరవగల సాఫ్టువేరు అందుబాటులో ఉన్నప్పుడే యూనీకోడ్ పీఎస్టీలోకో, ఎంబాక్స్‌లోకో మార్చుకొనుట మంచిది.