జింక తల, పులి తల, వేటగాడి తల

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు రైతులు మిరుగం అని పిలిచే మృగశిర కార్తె ఏటా జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండలు దాటి తొలకరి పడితే మక్క, పెసర, సోయా విత్తుకుంటారు. ఆ రోజు ఇంట్లో చేపల కూర వండాలి, ఇంగువ కలిపిన బెల్లం తినాలి. ఇంత సందడికీ పేరిచ్చినది ఆకాశంలోని ఒక జింక తల. కానీ మిరుగం రోజుల్లో ఆ జింక కనిపించదు. సూర్యుడు ఆ నక్షత్రంలో ప్రవేశించడమే కార్తె. వెలుగులో అది మరుగున పడిపోతుంది.

మృగశిర అంటే దగ్గర దగ్గరగా ఉన్న మూడు మసక చుక్కలు. వాటికంటే మెరిసే నక్షత్రాలు చుట్టూ ఎన్నో ఉన్నా, ఒకదానికొకటి దూరంగా బతికిన జాతులు ఈ మూడింటిలోనే తలను చూశాయి. చైనా చరిత్రకారుడు సీమా చియెన్ క్రీస్తుకు సుమారు వందేళ్ల ముందు వీటిని తెల్లపులి తల అన్నాడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు ఖగోళవేత్త టాలెమీ నక్షత్రాల జాబితాలో ఇది ఓరియన్ అనే వేటగాడి తల. అరబ్బులు మాత్రం గుర్రం ఒంటిమీది సుడి అన్నారు.

అన్నిటిలోకీ నిండైన కథ ఐతరేయ బ్రాహ్మణంలోది. ప్రజాపతి మగ జింకగా మారి, ఆడ జింక రూపంలో ఉన్న తన కూతురి వెంట పడ్డాడు. దేవతలు తమ భయంకర రూపాలన్నీ ఒకచోట చేర్చి ఒక వేటగాణ్ణి పుట్టించారు. అతడు బాణం వేశాడు. దెబ్బతిన్న జింక మృగమైంది, వేటగాడు మృగవ్యాధుడయ్యాడు, ఆడ జింక రోహిణి అయింది, మూడు భాగాల బాణం కూడా చుక్కలైంది. ఆ బాణమే ఓరియన్ నడుములో వరసగా కనిపించే మూడు నక్షత్రాలు. మృగవ్యాధుడు మనం లుబ్ధకుడనే సిరియస్. గ్రీకులు వేటగాణ్ణి చూసిన చోట మనవాళ్లు వేటను చూశారు. కాళిదాసు శాకుంతలం మొదట్లో సారథి దుష్యంతుణ్ణి జింకను తరిమే పినాకపాణితో, అంటే శివుడితో, పోల్చేది ఈ తరహా కథల బలంతోనే.

సిరియస్ గ్రీకులకు కుక్క, చైనావాళ్లకు తోడేలు; ఆ తోడేలుకు గురిపెట్టిన విల్లంబులనూ వాళ్లు పక్కనే చూపించారు. మెక్సికోలోని సేరీ జాతివారికి ఓరియన్ నడుము చుక్కలు మూడు అడవి జంతువులు. జావా రైతులకు ఓరియన్ ఒక నాగలి.

మేషం, వృషభం, సింహం వంటి రాశులు ఐతరేయ బ్రాహ్మణం తర్వాతి కాలంలో బాబిలోనియా నుంచి గ్రీకుల మీదుగా మనకు చేరాయి. 1922లో అంతర్జాతీయ ఖగోళ సంఘం 88 నక్షత్రమండలాలను ఖాయం చేసింది, 1930లో వాటి హద్దులను ప్రచురించింది. జింకకు అందులో చోటు లేదు. అది ఓరియన్ హద్దుల్లో కలిసిపోయింది. పంచాంగంలో పేరు నిలిచినా, పిల్లలకు ఆ చుక్కల్ని వేలెత్తి చూపే అలవాటు పోవడం పెద్ద నష్టం.

ఈ వేటను చూడాలంటే జనవరి నడుమ రాత్రి తొమ్మిదింటికి వీలు. ఆగ్నేయాన మెరిసే లుబ్ధకుడి నుంచి బాణం మీదుగా గీత గీస్తే ఎర్రటి రోహిణి దగ్గరికి వెళుతుంది. ఇంకాస్త ముందుకు సాగితే కృత్తికలు, తెలుగువాళ్ల పిల్లలకోడి. హంగేరీలోనూ థాయ్‌లాండ్‌లోనూ ఆ గుంపును కోడీ పిల్లలుగానే పిలుస్తారు.